తండ్రి వేషాల మీద మనకింత మోజెందుకు?

'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. అందులో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరికీ తండ్రి ఎస్వీ రంగారావు. తీరా చూస్తే ఎన్టీఆర్ కన్నా ఎస్వీఆర్ అయిదేళ్లే పెద్ద. గుండమ్మగా వేసిన సూర్యకాంతమైతే ఏఎన్నార్ కన్నా నెల రోజులు చిన్న. అంతకు ఏడేళ్ల ముందే 'అర్ధాంగి'లో గుమ్మడి వెంకటేశ్వరరావు ఇంకా పెద్ద సాహసం చేశారు. తనకన్నా మూడేళ్లు పెద్దయిన ఏఎన్నార్‌కి తండ్రిగా నటించారు. అప్పటికి గుమ్మడికి ఇరవై ఏడేళ్లు.

ఇదంతా బ్లాక్ అండ్ వైట్ కాలం ముచ్చటలే అనుకోనక్కర్లేదు. 2013లో వచ్చిన 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో వెంకటేష్, మహేష్‌బాబులకు తండ్రి ప్రకాష్ రాజ్. వెంకటేష్ పుట్టింది 1960 డిసెంబరులో, ప్రకాష్ రాజ్ పుట్టింది 1965 మార్చిలో. కొడుకు కన్నా నాలుగేళ్లు చిన్నవాడైన తండ్రిని చూసి థియేటర్లో ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వుతూ నడిచి వస్తుంటే, మన ఊళ్లో ఎప్పుడో చూసిన పెద్దాయనే వస్తున్నట్టు అనిపించింది.

ఈ లెక్కలన్నీ ముందే ఎందుకంటే, "నాకు హీరోల కన్నా ఆ పెద్ద వయసు నటులంటేనే ఇష్టం" అనే మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. అలా అనేవాళ్లు ఆకర్షణంతా వయసులో ఉందనీ, నెరిసిన గడ్డంలోనే ఏదో మహిమ ఉందనీ అనుకుంటారు. అయితే తెలుగు తెర మీద మనం నెత్తిన పెట్టుకున్న ముసలివాళ్లలో చాలామంది అసలు ముసలివాళ్లే కారు. ఎస్వీఆర్ 1974లో పోయేనాటికి ఆయనకి యాభై ఆరేళ్లు. రావు గోపాలరావు యాభై ఏడేళ్లకే వెళ్లిపోయారు. ఇవాళ్టి మన పెద్ద హీరోలు కొందరు ఆ వయసు ఎప్పుడో దాటేసి ఇంకా డ్యూయెట్లు పాడుతూనే ఉన్నారు. మనకు గుర్తున్న జమీందార్లు, తాతయ్యలు, కుటిల మంత్రులు, ఊరి పెద్దలు చాలావరకు ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్న మనుషులు కట్టిన వేషాలే. 'పాతాళ భైరవి'లో మాంత్రికుడి గడ్డం వెనక ఉన్న ఎస్వీఆర్‌కి ముప్ఫై రెండేళ్లు.

మరి మనం దేన్ని చూసి మురిసిపోతున్నట్టు?

నాకు తోచిన సంగతి ఇది. తెలుగు సినిమాలో ఓడిపోయే వెసులుబాటు ఉన్నది క్యారెక్టర్ ఆర్టిస్టుకే. హీరో చుట్టూ పెద్ద కాపలా ఉంటుంది. అభిమాన సంఘాలు, బయ్యర్లు, మొదటిరోజు ఓపెనింగ్స్, ఇమేజ్ అన్నీ కలిసి ఆయన్ని కాపాడుతుంటాయి. హీరో ఏడవొచ్చు గానీ ఆ ఏడుపు తర్వాతి ఫైట్‌కి పనికొచ్చేలా ఉండాలి. సిగ్గుపడకూడదు. పిసినారి కాకూడదు. బాస్ ముందు నంగిగా నవ్వకూడదు. కొడుకు విషయంలో ఇరవై ఏళ్లుగా తప్పు చేశానని తెలుసుకుని నోరెండిపోయి నిలబడకూడదు. మనిషి బతుకులో రోజూ జరిగే ఈ పనులన్నీ ఎవరో ఒకరు చేయాలిగా. అవన్నీ తండ్రికో, మామకో, విలన్‌కో, ఇంటి ఓనర్‌కో వెళ్తాయి. దాంతో కథలో మనలా ఉన్న మనిషి వాడొక్కడే అవుతాడు.

'మహామంత్రి తిమ్మరుసు' చూడండి. ఇదీ 1962 సినిమానే. ఎన్టీఆర్ శ్రీకృష్ణదేవరాయలు. పేరు మాత్రం తిమ్మరుసుది, ఆ పాత్ర గుమ్మడిది. కిరీటం, విజయాలు, పాటలు అన్నీ రాయలవి. తను కొడుకులా చూసుకున్న రాజే అనుమానించి కళ్లు తీయించే శిక్ష వేస్తే భరించాల్సింది మంత్రి. ముప్ఫై అయిదేళ్ల గుమ్మడి ఆ వృద్ధుడి దుఃఖాన్ని అరిచి చెప్పలేదు, గొంతు తగ్గించి చెప్పారు. సినిమా అయ్యాక మన వెంట ఇంటికొచ్చేది రాయలవారి వైభవం అయితే కాదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ 'బొమ్మరిల్లు' (2006). చివర్లో కొడుకు తండ్రిని నిలదీసే ఘట్టం తెలుగువాళ్లలో చాలామందికి కంఠతా వచ్చు. ఈసారి సిద్ధార్థ్ మాటల్ని వదిలేసి ప్రకాష్ రాజ్‌ని మాత్రమే చూడండి. కొడుకు మొదలుపెట్టగానే తండ్రి ముఖంలో మామూలు చిరాకు, ఏదో ఆవేశంలే అన్న ధీమా. కాసేపటికి ఆ ధీమా జారిపోతుంది. ఇంత ప్రేమగా చేసినవన్నీ వీడికి నేరాల్లా ఎలా కనిపించాయా అని లోపల వెతుక్కుంటున్న మనిషి కనిపిస్తాడు. డైలాగులన్నీ కొడుకువి, సీను మాత్రం తండ్రి ముఖం మీద నడుస్తుంది. సినిమావాళ్లు దీన్ని రియాక్షన్ షాట్ అంటారు. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినేవాడి మీద పెట్టే క్లోజప్ అన్నమాట. మామూలుగా చప్పట్లు మాట్లాడేవాడికి పడతాయి, ఆ మాట ఎంత లోతుకి దిగిందో చెప్పే పని మాత్రం వినేవాడిది. మంచి క్యారెక్టర్ ఆర్టిస్టు జీవితంలో సగం ఇలా విని సంపాదించిన పేరే. అప్పటికి ప్రకాష్ రాజ్‌కి నలభై ఒకటి, సిద్ధార్థ్‌కి ఇరవై ఏడు. మధ్యలో పద్నాలుగేళ్ల తేడా ఉందంతే. మిగతా వయసంతా వినడంలోంచే వచ్చింది.

ఓటమి అంటే కన్నీళ్లే అక్కర్లేదు. 'అహ నా పెళ్లంట' (1987)లో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి, పైనుంచి వేలాడదీసిన కోడిని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఆ కళ్లలో నిజంగా కోడికూర తింటున్న తృప్తి ఉంటుంది. మనం నవ్వుతాం, ఆయన మాత్రం నవ్వించాలని చూడడు. పిసినారితనాన్ని ఒక నిష్ఠలా పాటిస్తాడు. ఏ హీరోని ఆ కోడి కింద కూర్చోబెట్టగలం?

తర్వాతి కారణం గొంతు. మన పాత తరం నటుల్లో ఎక్కువమంది నాటకాల నుంచి వచ్చారు. పరిషత్తు పోటీల్లో, పద్యనాటకాల్లో మైకు అందినా అందకపోయినా చివరి వరుసకి మాట చేరాలి. ఆ స్టేజీ మీద ఇరవై ఏళ్ల కుర్రాడు ధృతరాష్ట్రుడు కావడం మామూలే. మేకప్ వేసినంత మాత్రాన ముసలితనం రాదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాటను సగంలో వదలాలో తెలిస్తే వస్తుంది. జగ్గయ్య ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన మనిషి, ఆయన కంచుకంఠం గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. నాకు రావు గోపాలరావు ఇంకా ఇష్టం. 'ముత్యాల ముగ్గు' (1975)లో ఆయన కాంట్రాక్టరు ఎక్కడా గొంతు చించుకోడు. గోదావరి యాసలో తాపీగా, కళల గురించి మాట్లాడుకునే రసికుడిలా హత్యల గురించి మాట్లాడతాడు. సూర్యోదయం చూసినా ఆయనకి నెత్తురే గుర్తొస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్లకే అంత తీరుబడి ఎక్కడిదో తెలీదు గానీ, ఆ తీరుబడి చూసే జనం ఆయనకి దాసోహమైపోయారు. హీరో ఎవరని అడిగితే ఆగి గుర్తు తెచ్చుకునేవాళ్లు కూడా కాంట్రాక్టరు మాటలు వరసపెట్టి అప్పజెప్తారు.

తొంభైల తర్వాత ఈ వరస కొంత దెబ్బతింది. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి విలన్లను తెచ్చి మనవాళ్ల గొంతులు పెట్టడం ఎక్కువైంది. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయ్యాక విలన్లందరూ ఒక్కలాగే ఉరిమేవాళ్లు. డబ్బింగ్ కళాకారుల ప్రతిభను తక్కువ చేయడం కాదిది, సాయికుమార్ గొంతు లేకపోతే కొన్ని సినిమాలే లేవు. కాకపోతే తండ్రి వేషానికి ముఖమూ గొంతూ ఒక్క మనిషివే కావాలి. కన్నడిగుడైన ప్రకాష్ రాజ్ తెలుగు నేర్చుకుని సొంతంగా చెప్పుకోవడం వల్లే మన ఇళ్లలో మనిషయ్యారు. రావు గోపాలరావు అబ్బాయి రావు రమేష్ తెర మీద నోరు తెరవగానే హాల్లో జనం సర్దుకుని కూర్చుంటారు. తండ్రి నుంచి ఆయనకి దక్కింది మాటను తొందరపడి వదలకపోవడం అని నా అనుమానం.

ఇంకో విషయం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వీళ్లలో చాలామంది కెమెరా ముందుకి రాకముందే వేరే బతుకు బతికినవాళ్లు. ఎస్వీఆర్ అగ్నిమాపక శాఖలో ఆఫీసరు. అల్లు రామలింగయ్య హోమియోపతి వైద్యుడు. కోట స్టేట్ బ్యాంకు ఉద్యోగి. గొల్లపూడి మారుతీరావు ఆకాశవాణి మనిషి, నలభై దాటాక గానీ ముఖానికి రంగు వేసుకోలేదు. ప్రభాకర్ రెడ్డి మన ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. మణికొండలో సినిమా కార్మికుల చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు. బ్యాంకు కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి డబ్బు చూడగానే ముఖాలు ఎలా మారతాయో ఎవరూ నేర్పక్కర్లేదు. లక్ష్మీపతి కళ్లలో ఆ కౌంటర్ అనుభవం ఉందని నా ఊహ. పదిహేడేళ్లకే ఫైట్లు, డ్యాన్సులు నేర్చుకుని వారసత్వంతో దిగిన కుర్రాడికి ఈ సరుకు ఎక్కడ దొరుకుతుంది? వాడి తప్పేమీ లేదు, ఆఫీసులో అడుగుపెట్టే అవకాశమే రాలేదు పాపం.

ఇక అసలు చిక్కుముడి. ఆకర్షణ.

మాదాపూర్‌లో ఏ ఆఫీసు క్యాంటీన్లో కూర్చున్నా ఎప్పుడో ఒకప్పుడు జగపతిబాబు ప్రస్తావన వస్తుంది. పాతికేళ్ల అమ్మాయిలు "అబ్బా, ఆ గడ్డం" అంటారు. పక్కనున్న పాతికేళ్ల అబ్బాయిలకు అర్థం కాదు, కాస్త మండుతుంది కూడా. జగపతిబాబు ఇరవై ఏళ్ల పాటు హీరో. ఇంటిల్లిపాదీ చూసే సినిమాల హీరోగా మంచి పేరే ఉంది. 2014లో 'లెజెండ్'లో విలన్‌గా తిరిగొచ్చినప్పుడు జుట్టుకు రంగేయలేదు. ఎదురుగా ఉన్న హీరో బాలకృష్ణ వయసులో ఆయనకన్నా రెండేళ్లు పెద్ద. ఆ మరుసటి ఏడు 'శ్రీమంతుడు'లో మహేష్‌బాబుకి తండ్రి, 2018లో 'రంగస్థలం' ప్రెసిడెంటు, అదే ఏడు 'అరవింద సమేత'లో బసిరెడ్డి. హీరోగా ఉన్నన్నాళ్లూ అందరికీ నచ్చాలనే బరువు ఆయన భుజాల మీద ఉండేది. అది దిగిపోయాక నడకే మారింది. క్యాంటీన్ అమ్మాయిలు చూస్తున్నది దాన్నేనని నేననుకుంటాను. ఇష్టపడమని అడగని మనిషి మీద ఇష్టం కలగడం కొత్త సంగతేమీ కాదు. మన సినిమాల్లో కుర్ర హీరో అమ్మాయి వెంట పడతాడు, కాలేజీ గేటు దగ్గర కాపు కాస్తాడు, ఒప్పుకునేదాకా వదలడు. పెద్దాయన ఎవరి వెంటా పడడు. తన పని తను చూసుకుంటాడు. ఆడవాళ్లకి ఆ మాత్రం ఖాళీ దొరికితే చాలు, చూడ్డానికి ధైర్యం వస్తుంది.

దీనికి పక్కనే ఇంకో దారం ఉంది, రెండూ తరచుగా కలిసిపోతాయి. మన ఇళ్లలో నాన్నలు మాట్లాడింది తక్కువ. ఫీజు కట్టారు, స్కూటర్ మీద పరీక్ష సెంటర్ దాకా దింపారు, మార్కులు అడిగారు. "నేను పొరబడ్డాను" అని ఎన్నడూ అనలేదు. తెర మీద ఒక తండ్రి ఆ మాట అంటే, పక్క సీట్లో ఎవరున్నారో చూసుకుని మరీ కళ్లు తుడుచుకుంటాం. ఇది అభిమానమే, అయినా ఆ నటుడి మీద పుట్టింది మాత్రం కాదు. ఇంట్లో తీరని బాకీ ఆయన ఖాతాలో పడిందంతే.

మూడో దారం ఆరాధన. 'శంకరాభరణం' 1980లో ఊళ్లన్నిటినీ ఊపేసినప్పుడు కథానాయకుడు ఒక నడివయసు డిప్యూటీ కలెక్టరు. సినిమాల్లో కొత్త, స్టేజీ మీద గిరీశంగా పేరున్న జె.వి. సోమయాజులు. ఆయన వేసిన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి పట్ల, ఆయన్ని ఆరాధించే తులసికి ఉన్నదేమిటి? గురుభక్తి అంటే సరిపోదు, ప్రేమ అంటే ఎక్కువవుతుంది. కె. విశ్వనాథ్ ఆ బంధానికి పేరు పెట్టకుండా వదిలేశారు, పెట్టి ఉంటే చెడిపోయేది. థియేటర్లో జనం కూడా అదే స్థితిలో ఉన్నారు. ఎనభైల్లో సోమయాజులు బయట కనిపిస్తే కాళ్లకు దండం పెట్టినవాళ్ల గురించి మన పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు. పెద్ద నటుడి మీద ఇష్టం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ మూడింటినీ ఒకే గంపలో వేసేస్తాం. అందుకే ఒకరు "ఆయన నాకు నాన్నలాంటివాడు" అంటే, ఇంకొకరు అదే మనిషి ఫొటోని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

పరిచయం కూడా ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హీరో ఏడాదికో రెండేళ్లకో ఒక సినిమా చేస్తాడు. క్యారెక్టర్ ఆర్టిస్టుకి రోజుల లెక్కన కాల్షీట్లు, పొద్దున ఒక సెట్టు, సాయంత్రం ఇంకో సెట్టు. ఆ సినిమాలన్నీ టీవీలో ఆదివారాలు తిరుగుతూనే ఉంటాయి. తరచుగా చూసిన ముఖం మీద, కారణమేమీ లేకున్నా ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే ప్రయోగాలతో చూపించాడు. 'అమృతం' సీరియల్లో ఇంటి ఓనర్ అప్పాజీ తెర మీదకి రాగానే ఇప్పటికీ పెదాల మీద నవ్వొస్తే అందులో ఈ అలవాటుదీ కొంత వాటా ఉంది.

బయటి దేశాల్లోనూ ఈ మోజు ఉంది, దారి మాత్రం వేరు. ఆంథోనీ హాప్కిన్స్ 2021లో ఎనభై మూడేళ్ల వయసులో ఉత్తమ నటుడిగా ఆస్కార్ తీసుకున్నది మతిమరుపుతో చెదిరిపోతున్న తండ్రి పాత్రకి. అక్కడ ముసలివాడి కథలో నిజంగానే ముసలివాడు ఉన్నాడు, కథ మధ్యలోనూ ఆయనే ఉన్నాడు. మనకి అలా కుదిరినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2012లో తనికెళ్ళ భరణి తీసిన 'మిథునం'లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప తెర మీద ఇంకెవరూ లేరు. అరవై ఆరేళ్ల బాలు తిండి కోసం పెళ్లాంతో గొడవపడుతూ, బతిమాలుతూ, అలుగుతూ ఉంటే అది రొమాన్సేనని ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

ఈ వ్యవహారంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఇంతసేపూ మగవాళ్ల గురించే మాట్లాడాం, అదేమీ యాదృచ్ఛికం కాదు. సూర్యకాంతం ముప్ఫైల్లోనే గయ్యాళి అత్త అయిపోయారు, చివరిదాకా అక్కడే ఉండిపోయారు. 'బాహుబలి'లో ప్రభాస్‌కి తల్లిగా చేసిన రమ్యకృష్ణ అతనికన్నా తొమ్మిదేళ్లే పెద్ద. మగవాడి విషయంలోనూ ఇదే జరుగుతోందిగా అనొచ్చు. జరుగుతోంది. కాకపోతే మగవాడు వయసు మీదికి తెచ్చుకుంటే చేతికి జమీందారు, పిసినారి, రసిక విలన్, లంచగొండి మంత్రి, పిచ్చి ప్రొఫెసర్ అన్నీ దొరుకుతాయి. ఆడదానికి ఎక్కువసార్లు దొరికేది వంటింటి గుమ్మం, కన్నీళ్లు, మహా అయితే ఒక శివగామి. నెరిసిన జుట్టుతో విలన్‌గా వచ్చిన ఒక నటిని చూసి ఆఫీసు క్యాంటీన్లో అబ్బాయిలు "అబ్బా" అన్నది నేనింతవరకు వినలేదు. తప్పు అబ్బాయిలది ఒక్కళ్లదే కాదు, అలాంటి వేషం రాసినవాడే లేడు.

ఓటీటీ వచ్చాక కొంచెం గాలి మారింది. 2024 మొదట్లో 'నైంటీస్' సిరీస్‌లో శివాజీ మధ్యతరగతి మాస్టారిగా, ముగ్గురు పిల్లల తండ్రిగా వచ్చినప్పుడు, ఒకప్పుడు ఆయన హీరో అన్న సంగతి జనం మర్చిపోయి చూశారు. మరుసటి ఏడు 'కోర్ట్'లో అదే మనిషి పరువు పిచ్చి పట్టిన మంగపతి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో నేను చూసిన షోలో వెనక వరుసలో ఒకాయన మంగపతి కనబడ్డప్పుడల్లా చిన్నగా తిట్టాడు. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ లైన్లో నిలబడి "శివాజీ ఇరగదీశాడు భయ్యా" అంటున్నది ఆ గొంతే. రావు రమేష్ 2024లో 'మారుతి నగర్ సుబ్రమణ్యం'లో ఏకంగా సినిమా మొత్తం మోశారు. ఉద్యోగం రాక నడివయసు దాటిపోయిన మగవాడి కథ అది. కృష్ణవంశీ 'రంగమార్తాండ' (2023)లో ప్రకాష్ రాజ్ పక్కన బ్రహ్మానందం కనిపిస్తే, ముప్ఫై అయిదేళ్లుగా నవ్వించిన ముఖంలో ఇంత దుఃఖం ఎక్కడ దాచుకున్నాడా అని జనం నోరు తెరిచారు.

హీరోలు కూడా ఈ గట్టుకి వస్తున్నారు, కొంచెం జంకుతూ. 2025లో 'కుబేర'లో నాగార్జున జైలుపాలై, అక్కణ్నుంచి బయటపడేందుకు తప్పుడు మనుషులతో చేతులు కలిపే సీబీఐ అధికారి. ధనుష్ బిచ్చగాడు. ఇద్దరిలో సిగ్గుతో తలదించుకోవాల్సినవాడు నాగార్జునే, అరవై అయిదేళ్ల వయసులో ఆయన తలదించుకున్నారు కూడా. అదే ఏడు 'కూలీ'లో విలన్ వేషమూ వేశారు. మిగిలిన తరం ఎప్పుడొస్తుందో వాళ్ల అభిమాన సంఘాలే చెప్పాలి. ఈలోగా వాళ్లకి తండ్రి వేషం కట్టడానికి సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో నలభై అయిదేళ్ల కుర్రాడొకడు గడ్డం పెంచుకుంటూ ఉండే ఉంటాడు.